వాన కురిస్తే ఖారూన్‌కు మురుగు పోటు

శుద్ధి కేంద్రాలున్నా తప్పని ముప్పు. వర్షపునీరు, మురుగునీరు ఒకే దారి పట్టడమే కారణం

రాయ్‌పూర్: వానలు పడితే నది కడిగినట్లు శుభ్రపడుతుందన్నది తరతరాలుగా జనంలో ఉన్న నమ్మకం. అడవుల గుండా, పొలాల గుండా పారే నదుల విషయంలో ఇది కొంతవరకు నిజమే కావచ్చు. కానీ పెద్ద నగరాన్ని ఆనుకొని ప్రవహించే నదికి వర్షం స్నానం కాదు, శిక్ష. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ పక్కనుంచి పారే ఖారూన్ నది ఇందుకు తాజా నిదర్శనం. నగరంలోని మురుగును శుద్ధి చేసేందుకు రోజుకు 20 కోట్ల లీటర్ల సామర్థ్యం గల కేంద్రాలను నిర్మించినప్పటికీ, గట్టి వాన కురిసిన కొద్ది గంటలలో ఆ ఏర్పాటంతా చిన్నబోతోంది. శుద్ధి కేంద్రానికి చేరవలసిన మురుగు వర్షపునీటితో కలిసి నేరుగా నదిలోకి దూకుతోంది.

ఇది ఒక్క రాయ్‌పూర్ సమస్య కాదు. లండన్, పారిస్, చికాగో వంటి సంపన్న నగరాలు సైతం దశాబ్దాలుగా ఈ బెడదతో సతమతమవుతూ వేల కోట్ల రూపాయలు వెచ్చించాయి. మూసీ తీరాన హైదరాబాద్, గోదావరి గట్టున రాజమహేంద్రవరం కూడా ఇదే పరీక్షను ఎదుర్కొంటున్నాయి. అందుచేత ఖారూన్ కథ తెలుగువారికి పరాయి కథ ఏమీ కాదు. విజయనగరం నుంచి రాయ్‌పూర్ వరకు రైలుమార్గం పూర్తయిన 1931 నాటి నుంచి ఈ నగరంతో ఉత్తరాంధ్రకు రాకపోకలు సాగుతూనే ఉన్నాయి.

దాహం తీర్చేదీ అదే, మురుగు మోసేదీ అదే

ఖారూన్ పెద్ద నది కాదు. బాలోద్ జిల్లా కొండలలో పుట్టి, ఉత్తరంగా ప్రవహించి, రాయ్‌పూర్‌ను దాటి సిమ్‌గా సమీపంలోని సోమ్‌నాథ్ వద్ద శివనాథ్ నదిలో కలుస్తుంది. శివనాథ్ మహానదిలో చేరుతుంది. అంటే రాయ్‌పూర్ వీధులలో పడిన చినుకు చివరకు ఒడిశాలోని హీరాకుడ్ జలాశయాన్ని దాటి బంగాళాఖాతానికి చేరవలసిందే.

నగరానికి తాగునీరు ప్రధానంగా ఈ నది నుంచే అందుతోంది. భాటాగావ్ వద్ద ఆనకట్ట కట్టి అక్కడి నుంచి నీటిని తోడుకుంటున్నారు. వేసవిలో నదిలో నీరు అడుగంటినప్పుడు ధమ్‌తరీ జిల్లాలో మహానదిపై ఉన్న గంగ్రేల్ జలాశయం నుంచి కాల్వ ద్వారా నీరు వదిలి నగర అవసరాలను తీరుస్తున్నారు. మరోవైపు నగరవాసులు వాడి పారబోసిన నీరు నాలాల ద్వారా తిరిగి ఇదే నదికి చేరుతోంది. వీటిలో ఛోక్రా నాలా ముఖ్యమైనది. ఒకప్పుడు వర్షపునీటిని నదికి చేర్చిన ఈ సహజ వాగు, నగరం విస్తరించే కొద్దీ మురుగు కాల్వగా మారిపోయింది.

నది ఒడ్డున మహాదేవ్ ఘాట్ వద్ద హటకేశ్వర మహాదేవుని ఆలయం ఉన్నది. కార్తీక పౌర్ణమికి ఇక్కడ జరిగే మేళాకు వేలాదిగా భక్తులు వచ్చి పుణ్యస్నానాలు చేస్తారు. నగరానికి దిగువన పశువులకు, పొలాలకు, స్నానాలకు ఈ నీటిపై ఆధారపడిన గ్రామాలు అనేకం ఉన్నాయి. ఉర్లా, సిల్తారా పారిశ్రామిక వాడలు కూడా ఈ పరీవాహక ప్రాంతంలోనివే. ఇన్ని అవసరాలను మోస్తున్న నదికి నగరం ఏమి తిరిగి ఇస్తున్నదన్నదే అసలు ప్రశ్న.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశవ్యాప్తంగా 351 కలుషిత నదీ భాగాలను గుర్తించింది. ఛత్తీస్‌గఢ్ నుంచి ఆ జాబితాకెక్కిన ఐదు నదులలో ఖారూన్ ఒకటి. మిగిలినవి మహానది, శివనాథ్, హస్‌దేవ్, కేలో.

రెండు గొట్టాలా, ఒకే గొట్టమా?

నగరాల మురుగు వ్యవస్థలు ప్రధానంగా రెండు విధాలు. మొదటిది ఉమ్మడి వ్యవస్థ. ఇళ్ళలోని మురుగు, వీధులలోని వర్షపునీరు రెండూ ఒకే గొట్టంలో పారతాయి. పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా, అమెరికా నగరాలు చాలావరకు ఈ పద్ధతినే అనుసరించాయి. పొడి రోజులలో ఇది సజావుగా పనిచేస్తుంది. వాన కురిసినప్పుడు మాత్రం గొట్టం సామర్థ్యానికి మించి నీరు వస్తుంది. అప్పుడు మురుగు వెనక్కి తన్ని ఇళ్ళలోకి రాకుండా, అదనపు నీటిని నదిలోకి వదిలే తూములను ఆనాటి ఇంజనీర్లే ఏర్పాటు చేశారు. నదిలోకి పొంగడం అక్కడ ప్రమాదం కాదు, ముందే తెలిసి చేసుకున్న ఏర్పాటు.

రెండవది వేర్పాటు వ్యవస్థ. మురుగుకు ఒక గొట్టం, వర్షపునీటికి వేరే కాల్వ. మురుగు శుద్ధి కేంద్రానికి, వర్షపునీరు నదికి వెళ్తాయి. కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ రూపొందించిన నియమావళి భారతీయ నగరాలకు ఈ పద్ధతినే సిఫార్సు చేస్తోంది. నాలుగు నెలలలోనే ఏడాది వాన అంతా కురిసే మన దేశంలో రెంటినీ ఒకే గొట్టంలో పట్టించడం అసాధ్యమని దీని వెనుక ఉన్న ఆలోచన.

అయితే కాగితంపై వేర్పాటు వ్యవస్థ ఉన్నంత మాత్రాన నేలపై వేరుపడదు. ఇంటింటికీ భూగర్భ మురుగు గొట్టం చేరని చోట జనం ఏమి చేస్తారు? వంటింటి నీరు, స్నానాల నీరు, సెప్టిక్ ట్యాంకు నుంచి పొంగే నీరు ఇంటిముందు ఉన్న వర్షపు కాల్వలోకే వదులుతారు. ఆ కాల్వలు నాలాలో, నాలా నదిలో కలుస్తాయి. ఎవరూ పథకం వేయకుండానే వర్షపు కాల్వ ఉమ్మడి మురుగు కాల్వ అయిపోతుంది. రాయ్‌పూర్‌లోనే కాదు, దేశంలోని అత్యధిక నగరాలలో జరిగింది ఇదే.

ఈ దశలో నగరపాలక సంస్థలకు తోచిన దగ్గరి దారి నాలా చివర అడ్డుకట్ట వేయడం. నాలాలో పారే మురుగును నదికి ముందే ఆపి, గొట్టాల ద్వారా శుద్ధి కేంద్రానికి మళ్ళించడం. ఇంటింటికీ గొట్టాలు వేయడం కన్నా ఇది త్వరగా పూర్తయ్యే పని. ఖర్చు కూడా తక్కువ. రాయ్‌పూర్ నగరపాలక సంస్థ ఇటీవలి సంవత్సరాలలో చందనీడీహ్ వద్ద రోజుకు 7.5 కోట్ల లీటర్లు, కారా వద్ద 3.5 కోట్ల లీటర్లు, నిమోరా వద్ద 9 కోట్ల లీటర్ల సామర్థ్యం గల శుద్ధి కేంద్రాలను నిర్మించడం ఈ దిశలో పెద్ద ముందడుగు. ఎండాకాలంలో నాలా పూర్తిగా మురుగే కనుక, ఈ పద్ధతి వల్ల నదికి గణనీయమైన మేలు కలుగుతుంది. చిక్కంతా తొలకరితో మొదలవుతుంది.

ఒక గంట వాన లెక్క

మూడు కేంద్రాల మొత్తం సామర్థ్యం రోజుకు 20 కోట్ల లీటర్లు. గంటకు లెక్క కడితే సుమారు 83 లక్షల లీటర్లు. ఇప్పుడు నగరంలో కేవలం పది చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో ఒక గంటసేపు రెండున్నర సెంటీమీటర్ల వర్షం పడిందనుకుందాం. రాయ్‌పూర్‌లో ఏటా సుమారు 120 సెంటీమీటర్ల వర్షం పడుతుంది. అందులో అత్యధిక భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోగానే కురుస్తుంది కనుక, అంతటి వాన అరుదేమీ కాదు. ఆ గంటలో నేలపై పడిన నీరు 25 కోట్ల లీటర్లు. సిమెంటు రోడ్లు, మేడలు పరచుకున్న నగరంలో సగం నీరు నేలలో ఇంకినా, మిగిలిన పన్నెండున్నర కోట్ల లీటర్లు కాల్వలలోకి పరుగులు తీస్తాయి.

అంటే శుద్ధి కేంద్రాలన్నీ కలిసి గంటలో తీసుకోగల నీటికి ఇది పదిహేను రెట్లు. ఉదయం వేళ రద్దీని తట్టుకోవడానికి సగటు ప్రవాహానికి రెండు, మూడింతల నీటిని భరించేలా మురుగు గొట్టాలను రూపొందించడం ఆనవాయితీ. పదిహేనింతలను భరించే గొట్టాన్ని ఎవరూ వేయరు, వేయలేరు. పైగా ఈ లెక్క నగరంలో ఒక భాగానికి మాత్రమే. 2011 జనాభా లెక్కల నాటికే పది లక్షల జనాభా దాటిన నగరం అంతకు ఎన్నో రెట్లు విస్తరించి ఉన్నది.

అడ్డుకట్టను దాటి నీరు పొంగినప్పుడు నదిలో పడేది వర్షపునీరు మాత్రమే కాదు. నాలాలో అప్పటికే పారుతున్న మురుగు, అడుగున నెలల తరబడి పేరుకున్న బురద, వీధులలోని చెత్త, ప్లాస్టిక్, వాహనాల నూనె, పశువుల పేడ అన్నీ కొట్టుకువస్తాయి. తొలకరి జల్లులలో వచ్చే ఈ మొదటి ఉరవడిలోనే మలినం అత్యధికంగా ఉంటుంది. అప్పటికి నదిలో నీరు ఇంకా పలచగానే ఉంటుంది కనుక దెబ్బ మరింత తీవ్రమవుతుంది.

మురుగులోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు తినేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు ఖర్చవుతుంది. స్నానానికి పనికివచ్చే నీటిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. జీవరసాయన ఆక్సిజన్ అవసరం, అంటే బీఓడీ, 3 మిల్లీగ్రాములకు మించరాదు. శుద్ధి చేయని ఇళ్ళ మురుగులో ఇది 200 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. అందువల్లనే తొలి వానల తర్వాత నదులలో, చెరువులలో చేపలు తెల్లారేసరికి చచ్చి తేలడం తరచుగా చూస్తుంటాం.

కొలతకు దొరకని కాలుష్యం

ఇక్కడ మరో మెలిక ఉన్నది. భారీ వర్షాలకు నది నిండుగా పారినప్పుడు మురుగు పలచబడుతుంది. దాంతో బీఓడీ అంకె తగ్గినట్లు కనిపిస్తుంది. చూడడానికి నది మెరుగైనట్లే. కానీ రోగకారక క్రిముల సంగతి వేరు. స్నానపు నీటిలో వంద మిల్లీలీటర్లకు మల సంబంధ కోలీఫారం సంఖ్య 500 లోపు ఉండడం అభిలషణీయమని, 2,500కు మించరాదని ప్రమాణం. శుద్ధి చేయని మురుగులో ఇవి లక్షలలో ఉంటాయి. ఎన్నో రెట్లు పలచబడినా ప్రమాదం తొలగదు.

పైగా పొంగు కొన్ని గంటలు మాత్రమే సాగి ఆగిపోతుంది. నెలకొకసారి నమూనా సేకరించే పద్ధతిలో ఆ గంటలు లెక్కకు చిక్కడం కష్టం. శుద్ధి కేంద్రంలోకి ఎంత నీరు వచ్చింది, ఎంత శుద్ధి అయింది అన్నది నమోదవుతుంది. కేంద్రానికి చేరకుండానే అడ్డుకట్ట దాటిపోయిన నీటికి మీటరు ఉండదు. నివేదికలలో కేంద్రం చక్కగా పనిచేసినట్లే ఉంటుంది, నది మాత్రం మైలపడుతుంది.

అంకెలలో దేశ పరిస్థితి కూడా ఆశాజనకంగా లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో విడుదల చేసిన నివేదిక ప్రకారం దేశంలోని పట్టణాలలో రోజుకు 7,236 కోట్ల లీటర్ల మురుగు ఉత్పత్తి అవుతుండగా, శుద్ధికి నెలకొల్పిన సామర్థ్యం 3,184 కోట్ల లీటర్లు. నిజంగా శుద్ధి అవుతున్నది 2,023 కోట్ల లీటర్లు. ఛత్తీస్‌గఢ్‌లో 120 కోట్ల లీటర్ల మురుగుకు అప్పటి సామర్థ్యం 7.3 కోట్ల లీటర్లు మాత్రమే. రాయ్‌పూర్‌లోని మూడు కేంద్రాల సామర్థ్యమే 20 కోట్ల లీటర్లు కనుక, అక్కడ పరిస్థితి మారిందనడంలో సందేహం లేదు. అదే నివేదికలో ఆంధ్రప్రదేశ్‌కు 288 కోట్ల లీటర్ల మురుగుకు 83 కోట్ల లీటర్ల సామర్థ్యం, తెలంగాణకు 266 కోట్ల లీటర్లకు 90 కోట్ల లీటర్ల సామర్థ్యం చూపారు.

ఈ అంకెలన్నీ వాన లేని రోజు లెక్కలేనన్నది గమనార్హం. మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ఇస్తే అందులో 80 శాతం మురుగుగా వస్తుందన్న సూత్రంపై ఇటువంటి అంచనాలు తయారవుతాయి. ఆకాశం నుంచి పడే నీటికి ఈ లెక్కలో చోటు లేదు.

న్యాయస్థానాల ఒత్తిడి

నగరాల మురుగు విషయంలో ఇటీవల వచ్చిన కదలికకు న్యాయస్థానాల ఒత్తిడి ముఖ్య కారణం. మూడేళ్ళలోగా మురుగు శుద్ధి కేంద్రాలు ఏర్పాటు కావాలని సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరిలో ఆదేశించింది. కలుషిత నదులపై పత్రికలో వచ్చిన వార్తను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2018లో తనంతట తానుగా విచారణకు స్వీకరించి, ప్రతి రాష్ట్రంలోనూ నదీ పునరుజ్జీవన కమిటీలు వేయించింది. మురుగు నదిలో కలుస్తున్న ఒక్కో కాల్వకు నెలకు ఐదు లక్షల రూపాయల చొప్పున నష్టపరిహారం విధిస్తామని హెచ్చరించింది.

ఈ ఆదేశాల వల్ల కేంద్రాలు లేచాయి. కానీ కేంద్రం నిర్మించడానికి గడువు పెట్టినంత సులువుగా, లక్షలాది ఇళ్ళను మురుగు గొట్టానికి కలపడానికి గడువు పెట్టలేరు. రోడ్లు తవ్వాలి, ఇరుకు సందులలో గొట్టాలు వేయాలి, ఇంటి యజమాని కూడా కొంత ఖర్చు భరించాలి. ఐదేళ్ళ పదవీకాలం గల పాలకవర్గానికి నేలలో కప్పడిపోయే గొట్టం కన్నా కంటికి కనిపించే కట్టడమే ముద్దు.

ముందు మునిగేది పేదల బస్తీలే

మురుగు పొంగు నది ఆరోగ్య సమస్య మాత్రమే కాదు. నాలా నిండితే మొదట నీరు చేరేది నాలా గట్టునే కాపురముండే బస్తీలకు. గొట్టం నిండినప్పుడు నీరు నదివైపు పొంగనైనా పొంగాలి, లేదా వెనక్కి తన్ని ఇళ్ళలోకి రానైనా రావాలి. పల్లపు ప్రాంతాలలోని కుటుంబాలకు ఇది ఏటా అనుభవమే.

వర్షంతో కలిసిన మురుగు తాగునీటిని కూడా వదలదు. అనేక పాత నగరాలలో మాదిరే రాయ్‌పూర్‌లో సైతం తాగునీటి గొట్టాలు మురికి కాల్వల గుండా సాగాయి. నీరు వదలని వేళల్లో గొట్టంలో ఒత్తిడి ఉండదు. ఎక్కడైనా చిల్లు ఉంటే చుట్టూ ఉన్న మురుగు లోపలికి చొరబడుతుంది. నగరంలో 2018లోనూ, 2020లోనూ పచ్చకామెర్లు ప్రబలినప్పుడు కాల్వలలో మునిగిన తాగునీటి గొట్టాల సంగతి ప్రధానంగా చర్చకు వచ్చింది. 2020లో జబ్బు వ్యాపించింది ఎండాకాలంలో, కరోనా లాక్‌డౌన్ నడుమ. పొడి రోజులలోనే ఇంత ముప్పు ఉంటే, కాల్వలు అంచుల దాకా నిండే వర్షాకాలం మాట చెప్పనక్కరలేదు.

మన మూసీ, మన గోదావరి

హైదరాబాద్‌లో 1908 సెప్టెంబర్ నాటి మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద నివారణతో పాటు నగర మురుగు పారుదలపై కూడా ప్రణాళిక ఇచ్చారు. ఆ నగరానికి భూగర్భ మురుగు వ్యవస్థ 1930ల ఆరంభంలోనే వచ్చింది. కానీ నగరం ఆ గొట్టాలకు అందనంత వేగంగా పెరిగింది. ప్రభుత్వ అంచనా ప్రకారం మహానగర ప్రాంతంలో రోజుకు 195 కోట్ల లీటర్ల మురుగు వస్తుండగా, పాత 25 కేంద్రాల సామర్థ్యం 77 కోట్ల లీటర్లు. దీనికి తోడు 126 కోట్ల లీటర్ల సామర్థ్యంతో మరో 31 కేంద్రాలకు 2021లో రూ. 3,866 కోట్లు మంజూరు చేశారు. వీటిలో కొన్ని 2023 నుంచి పనిచేయడం ఆరంభించాయి.

లెక్క ప్రకారం అన్నీ పూర్తయితే ప్రతి లీటరు మురుగూ శుద్ధి కావాలి. కానీ వాన పడిన ప్రతిసారీ మ్యాన్‌హోళ్ళు రోడ్లపైకి పొంగడం నగరవాసులకు తెలిసిన దృశ్యమే. రోడ్డుపై నిలిచిన నీరు పోవడానికి కొందరు మ్యాన్‌హోల్ మూతలు తీసేస్తారు. అలా చేయడం నేరమని జలమండలి ఏటా హెచ్చరిస్తూనే ఉంటుంది. మూత తీసిన మ్యాన్‌హోల్‌లో పడి ప్రాణాలు పోవడం ఒక ప్రమాదం. వాననీరంతా మురుగు గొట్టంలోకి దిగి, దిగువన మరో చోట పొంగడం రెండో ప్రమాదం.

రాజమహేంద్రవరంలో నల్లా ఛానల్, ఆవ ఛానల్ నగర మురుగును గోదావరికి చేరుస్తున్న కాల్వలుగా చాలాకాలంగా పేరుపడ్డాయి. హుకుంపేట వద్ద రోజుకు 3 కోట్ల లీటర్ల శుద్ధి కేంద్రం ఉన్నది. ఇక్కడ మరో విశేషాన్ని గుర్తించాలి. 2015లో గోదావరి పుష్కరాలు జూలై 14 నుంచి 25 వరకు జరిగాయి. 2027 పుష్కరాలు కూడా ఋతుపవనాల ఆరంభ దినాలకే వస్తాయి. ఎండాకాలమంతా కాల్వలలో పేరుకున్న మలినం తొలివానలకు నదిలోకి కదిలే రోజులూ, లక్షలాది మంది నదిలో మునకలు వేసే రోజులూ ఒకటే కావడం అధికారులు ముందుగా ఆలోచించవలసిన విషయం.

సంపన్న నగరాల పాట్లు

ఈ సమస్యకు ప్రపంచంలో మార్గాలు వెతికిన తీరు కూడా తెలుసుకోదగినది. థేమ్స్ నది కంపుతో 1858లో బ్రిటిష్ పార్లమెంటు సభ్యులే ముక్కులు మూసుకోవలసి వచ్చిన తర్వాత, జోసెఫ్ బేజల్‌గెట్ అనే ఇంజనీరు లండన్‌కు ఉమ్మడి మురుగు వ్యవస్థను నిర్మించారు. శతాబ్దంన్నర గడిచేసరికి జనాభా పెరిగి, కొద్దిపాటి వానకే పొంగే స్థితి వచ్చింది. సగటున ఏడాదికి 3.9 కోట్ల టన్నుల మురుగు థేమ్స్‌లో కలుస్తోందని తేలింది. దాంతో నది కింద 25 కిలోమీటర్ల పొడవున, ఏడు మీటర్లకు పైగా వ్యాసంతో భారీ సొరంగాన్ని తవ్వారు. 2025 ఫిబ్రవరిలో దానికి పొంగు తూములన్నీ కలిపారు. వాన కురిసినప్పుడు పొంగే మురుగు సొరంగంలో నిలిచి, ఆ తర్వాత శుద్ధి కేంద్రానికి వెళ్తుంది.

అమెరికాలో సుమారు 700 పట్టణాలలో ఇప్పటికీ ఉమ్మడి వ్యవస్థలే ఉన్నాయి. చికాగో నగరం తన తాగునీటి వనరైన మిచిగాన్ సరస్సులోకి మురుగు వెళ్ళకుండా 1900లో నది ప్రవాహాన్నే వెనక్కి తిప్పింది. అదీ చాలక 1975 నుంచి 175 కిలోమీటర్ల లోతైన సొరంగాలు తవ్వింది. పారిస్‌లో 2024 ఒలింపిక్స్‌కు ముందు ఐదు కోట్ల లీటర్ల నీటిని పట్టే భూగర్భ తొట్టిని నిర్మించారు. అయినా వానల వల్ల సెన్ నది కలుషితమై పురుషుల ట్రయథ్లాన్ పోటీని ఒకరోజు వాయిదా వేయవలసి వచ్చింది. 1923 తర్వాత తొలిసారిగా 2025 జూలైలో సెన్‌లో ప్రజలను ఈతకు అనుమతించారు. నీటి నాణ్యతను రోజూ పరీక్షించి, బాగాలేని రోజున ఈతకు అనుమతి ఇవ్వరు.

మన దేశంలో కలకత్తాకు పందొమ్మిదో శతాబ్దిలోనే ఉమ్మడి మురుగు వ్యవస్థ ఏర్పడింది. నగరానికి తూర్పున ఉన్న చిత్తడి నేలల్లో ఆ మురుగుతోనే చేపలు, కూరగాయలు పెంచుతున్నారు. సూర్యరశ్మి, నాచు, చేపలే అక్కడ శుద్ధి కేంద్రాలు. 2002లో ఆ నేలలకు రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు లభించింది.

చెరువులే తొట్లు

పారిస్ తొట్టి పట్టే నీరు ఐదు కోట్ల లీటర్లు. పాతిక ఎకరాల చెరువులో నీటిమట్టం ఒక మీటరు పెరిగితే నిలిచే నీరు పది కోట్ల లీటర్లు. రాయ్‌పూర్ పూర్వం చెరువుల నగరం. బూఢా తాలాబ్, తేలీబాంధా, మహారాజ్‌బంధ్, కంకాలీ తాలాబ్ వంటివి నేటికీ నిలిచి ఉండగా, అనేక చెరువులు కాలక్రమంలో పూడిపోయి ఇళ్ళ కిందికి చేరాయి. వానను కొన్ని గంటలపాటు ఆపి మెల్లగా వదలడమే ఈ సమస్యకు సగం మందు. ఆ పని చేసే చెరువులను పూడ్చి, తర్వాత కోట్లు పోసి తొట్లు కట్టుకోవడం తెలివైన పని కాదు.

అయితే చెరువుకు చేరేది వాననీరే కావాలి. మురుగు కలిసిన నీటిని చెరువులోకి మళ్ళిస్తే అది పెద్ద సెప్టిక్ ట్యాంకుగా మారుతుంది. అందుచేత ఎటు తిప్పి చూసినా పరిష్కారం ఇంటి గుమ్మం వద్దకే వస్తోంది. ఇంటి మురుగు వర్షపు కాల్వలోకి పోకుండా గొట్టంలోకి పోవాలి. ఇది ఒక్క ఏడాదిలో అయ్యే పని కాదు. ఈలోగా చేయదగినవి కొన్ని ఉన్నాయి. వానలకు ముందే, అంటే మే నెలలోనే, నాలాల పూడిక తీసి ఆ బురదను గట్టున వదలకుండా దూరంగా తరలించాలి. లేకుంటే మొదటి వానకే అది తిరిగి నాలాలోకి జారుతుంది. అడ్డుకట్టల వద్ద కనీసం తొలి ఉరవడినైనా నిలిపి ఉంచే తొట్లు కట్టాలి. పంపింగ్ కేంద్రాలకు విద్యుత్ పోయినా ఆగని ఏర్పాటు ఉండాలి. కాల్వలలోని తాగునీటి గొట్టాలను పూర్తిగా బయటకు తీయాలి.

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యే పని పొంగును కొలవడం. ఏ అడ్డుకట్ట వద్ద, ఏ రోజున, ఎన్ని గంటలు నీరు పొంగి నదిలో పడింది అన్నది నమోదు చేసి ప్రజలకు తెలియజేస్తే, దిగువ గ్రామాల వారు ఆ రోజు నీటికి దూరంగా ఉంటారు. ఎక్కడ ముందుగా డబ్బు ఖర్చు పెట్టాలో నగరపాలక సంస్థకూ తెలుస్తుంది. కొలవని జబ్బుకు మందు ఇవ్వడం ఎవరి తరమూ కాదు.

రాయ్‌పూర్ కేంద్రాలు వృథా అనడం తగదు. ఏడాదిలో ఎనిమిది నెలలపాటు అవి ఖారూన్‌ను కాపాడగలవు. మిగిలిన నాలుగు నెలల భారం మాత్రం నగరంలోని ప్రతి వీధి, ప్రతి కాల్వ, మిగిలి ఉన్న ప్రతి చెరువు మోయవలసినదే. శుద్ధి కేంద్రానికి పరీక్ష మే నెలలో పెడితే అది తప్పక నెగ్గుతుంది. జూలైలో కుండపోత కురిసిన మర్నాడు మహాదేవ్ ఘాట్ వద్ద తీసిన నీటి నమూనా ఏమి చెబుతుందన్నదే రాయ్‌పూర్‌కైనా, మూసీ, గోదావరి తీరాల నగరాలకైనా అసలైన కొలమానం.